ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగ్ పెడుతున్నారా? డ్రాఫ్ట్ కంటే ముందు రూల్స్ రాసుకోండి

అమెరికన్ ఫుట్‌బాల్ అసలు మ్యాచ్‌ల్లో ఆటగాళ్ళు ఆడినదాన్నిబట్టి మనం కాగితం మీద కట్టుకున్న టీములకి పాయింట్లు వచ్చే ఆట ఇది. మా లీగ్‌లో మొదటి గొడవ రెండో వారంలోనే వచ్చింది. సోమవారం రాత్రి మ్యాచ్ అయ్యేసరికి ఒకాయన రెండున్నర పాయింట్ల తేడాతో ఓడిపోయాడు. అవతలి టీములో ఉన్న రన్నింగ్‌బ్యాక్, అంటే ముఖ్యంగా బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు, చిన్న చిన్న పాస్‌లు ఏడు పట్టాడు. ఏడు క్యాచ్‌లకు ఏడు పాయింట్లు.

"బంతి పట్టుకున్నందుకే పాయింటేంటి? అందులో సగం సార్లు ఎక్కడ పట్టాడో అక్కడే పడిపోయాడుగా!"

"యాప్‌లో అలాగే ఉంది బావా, నన్నేం చెయ్యమంటావ్?"

యాప్‌లో ఎలా ఉందో డ్రాఫ్ట్ రోజున, అంటే వంతులవారీగా ఆటగాళ్ళని ఎంచుకునే రోజున, పదిమందిలో ఒక్కరూ చూడలేదు. లీగ్ పెట్టిన కమిషనర్‌ని నేను, నేనూ చూడలేదు. డల్లాస్ చుట్టుపక్కల ఉండే మా పదిమందిలో ఎక్కువమందికి అమెరికన్ ఫుట్‌బాల్ కొత్త. ఆఫీసులో అందరూ మాట్లాడుకుంటుంటే, ఫ్రిస్కోలో డల్లాస్ కౌబాయ్స్ జట్టు ప్రాక్టీస్ చేసే 'ది స్టార్' పక్కనుంచే రోజూ కారులో పోతుంటే, మనమూ ఒకటి పెట్టుకుందాం అని మొదలెట్టాం. ఆ రాత్రి నుంచి రూల్స్ కాగితం మీద పెట్టడం నేర్చుకున్నాను. మీరు ఈ ఏడాది లీగ్ పెట్టే ఆలోచనలో ఉంటే, లేదా ఎవరో మిమ్మల్ని కమిషనర్ కుర్చీలో కూర్చోబెట్టి ఉంటే, ఏ రూల్ ముందు తేల్చుకోవాలో, ఎందుకో చెప్తాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఫ్యాంటసీ అనగానే మనవాళ్ళకి డ్రీమ్11 గుర్తొస్తుంది. అక్కడ ఒక్క మ్యాచ్‌కి పదకొండు మందిని ఎంచుకుంటాం, కెప్టెన్‌కి రెట్టింపు పాయింట్లు, కోహ్లీని లక్షమంది పెట్టుకోవచ్చు. ఇక్కడ అలా కాదు. సీజన్ మొదట్లో డ్రాఫ్ట్ జరుగుతుంది. ఒక ఆటగాడు లీగ్ మొత్తంలో ఒక్కరికే సొంతం. ఆయన్ని మీరు తీసుకుంటే మిగతా తొమ్మిదిమందికీ లేనట్టే. వారానికి ఒకరితో తలపడతారు, ఎవరి టీముకి ఎక్కువ పాయింట్లు వస్తే ఆ వారం వాళ్ళు గెలిచినట్టు. సెప్టెంబరు నుంచి డిసెంబరు చివరిదాకా ఇదే కాపురం. అందుకే రూల్స్‌లో చిన్న లొసుగు ఉన్నా నాలుగు నెలలు సతాయిస్తుంది.

ఈ ఆటను కనిపెట్టినవాళ్ళు కూడా ముందు రూల్సే రాసుకున్నారు. 1962లో ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటాదారైన బిల్ వింకెన్‌బాక్, జట్టుతో పాటు న్యూయార్క్ వెళ్ళినప్పుడు హోటల్లో ఇద్దరు ముగ్గురితో కూర్చుని ఈ ఆటకు నియమాలు గీశాడు. మొదటి డ్రాఫ్ట్ 1963 ఆగస్టులో, ఎనిమిది టీములతో జరిగింది. అంటే రూల్స్‌కీ డ్రాఫ్ట్‌కీ మధ్య చాలా నెలలు. మనమేమో డ్రాఫ్ట్‌కి పది నిమిషాల ముందు సెట్టింగ్స్ తెరుస్తాం.

మొదటి పని: తలలు లెక్కపెట్టండి

పది లేదా పన్నెండు టీములు బాగుంటాయి. ఎనిమిదైతే అందరి టీముల్లోనూ స్టార్లే, పోటీలో పస ఉండదు. పద్నాలుగైతే కొత్తవాళ్ళకి బెంచ్ మీద ముక్కూ మొహం తెలియని పేర్లు మిగులుతాయి. సరిసంఖ్యే పెట్టుకోండి, లేకపోతే వారానికి ఒకరు ఊరికే కూర్చోవాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా ఉంటే పదితో మొదలెట్టండి.

ఈఎస్‌పీఎన్, యాహూ, స్లీపర్ లాంటి యాప్‌లలో ఏదైనా పరవాలేదు. పాయింట్ల లెక్క అవే వేస్తాయి. కాకపోతే ఒక్కో యాప్‌కి డిఫాల్ట్ సెట్టింగ్స్ ఒక్కో రకంగా ఉంటాయి. "పోయినేడు ఆఫీసు లీగ్‌లో ఇలా లేదే" అనే మాట పుట్టేది అక్కడే. కాబట్టి డిఫాల్ట్ అని వదిలెయ్యకుండా ప్రతి లైనూ చదివి, మీది అనుకున్న తర్వాతే సేవ్ చెయ్యండి.

రెండో పని: స్కోరింగ్

ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదే. ఏ ఆటగాడికి ఎంత విలువ అనేది ఆయన ఆట కన్నా మీ స్కోరింగే ఎక్కువగా నిర్ణయిస్తుంది.

దాదాపు అందరూ వాడే పునాది ఇది:

- పాసింగ్ (క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడి లెక్క): 25 యార్డులకు 1 పాయింటు, టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించడం) పాస్‌కి 4. ఇంటర్‌సెప్షన్ అయితే, అంటే పాస్‌ని అవతలివాళ్ళు పట్టేస్తే, కొన్నిచోట్ల −1, కొన్నిచోట్ల −2.
- పరుగు: 10 యార్డులకు 1, టచ్‌డౌన్‌కి 6.
- రిసీవింగ్: 10 యార్డులకు 1, టచ్‌డౌన్‌కి 6. క్యాచ్‌కి పాయింటు సంగతి కింద చెప్తాను.
- టూ పాయింట్ కన్వర్షన్‌కి (టచ్‌డౌన్ తర్వాత కిక్‌కి బదులు బంతిని మళ్ళీ గీత దాటించడం) 2. బంతి జారవిడిచి అవతలి జట్టుకి అప్పగిస్తే −2.

ముందుగా దశాంశాలు ఆన్ చెయ్యండి. అది ఆఫ్‌లో ఉంటే 99 యార్డులు పరిగెత్తినవాడికి 9 పాయింట్లే, 100 పరిగెత్తినవాడికి 10. ఒక్క యార్డుకి ఒక పాయింటు పోతుంది. ఆన్‌లో ఉంటే 9.9 వస్తుంది. టై అయ్యే బెడద కూడా చాలావరకు పోతుంది.

ఇక క్యాచ్ సంగతి. మా గొడవ దీనిమీదే. పట్టిన ప్రతి పాస్‌కి ఒక పాయింటు ఇస్తే దాన్ని పీపీఆర్ అంటారు. అర పాయింటు ఇస్తే హాఫ్ పీపీఆర్. ఏమీ ఇవ్వకపోతే స్టాండర్డ్. ఏముందిలే ఒక పాయింటే కదా అనిపిస్తుంది. 2020 సీజన్ తీసుకుందాం. టెనెసీ టైటన్స్ రన్నింగ్‌బ్యాక్ డెరిక్ హెన్రీ ఆ ఏడాది 2,027 యార్డులు పరిగెత్తి 17 టచ్‌డౌన్లు చేశాడు. క్యాచ్‌లు మాత్రం 19, వాటితో 114 యార్డులు. న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ ఆటగాడు ఆల్విన్ కమారా 932 యార్డులే పరిగెత్తాడు, అందులో 16 టచ్‌డౌన్లు. కానీ 83 క్యాచ్‌లు పట్టి ఇంకో 756 యార్డులు, 5 టచ్‌డౌన్లు కలిపాడు. ఫంబుల్స్ (బంతి జారవిడవడం) లాంటి చిల్లర పక్కనపెట్టి లెక్క వేస్తే:

స్టాండర్డ్‌లో హెన్రీకి 316.1, కమారాకి 294.8. హెన్రీ పైన.
పీపీఆర్‌లో హెన్రీకి 335.1, కమారాకి 377.8. తిరగబడింది.
హాఫ్ పీపీఆర్‌లో హెన్రీకి 325.6, కమారాకి 336.3. కమారానే పైన, కాకపోతే కొంచెం.

అదే ఇద్దరు, అదే ఆట. రూల్ మారితే ఎవర్ని ముందు తీసుకోవాలో మారిపోయింది. మరి డ్రాఫ్ట్ అయ్యాక "క్యాచ్‌కి పాయింటేంటి" అంటే ఎవరికి న్యాయం చేస్తాం?

నా సలహా హాఫ్ పీపీఆర్. పూర్తి పీపీఆర్‌లో రెండు యార్డుల పాస్ పట్టి పడిపోయినవాడికి 1.2, రెండు యార్డులు గుద్దుకుంటూ పరిగెత్తినవాడికి 0.2. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. స్టాండర్డ్‌లో పెడితే మళ్ళీ అందరూ రన్నింగ్‌బ్యాక్‌ల వెంటే పడతారు, పాస్‌లు పట్టే రిసీవర్లకి గిరాకీ ఉండదు. మధ్యేమార్గం బాగుంది.

తర్వాతి ప్రశ్న: టచ్‌డౌన్ పాస్‌కి 4 పాయింట్లా, 6 పాయింట్లా? "అందరికీ 6 ఇచ్చి క్వార్టర్‌బ్యాక్‌కే 4 ఏంటి, వివక్ష కాదూ?" అని కొత్తవాళ్ళు తప్పకుండా అడుగుతారు. క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ 2013లో డెన్వర్ తరఫున 55 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. 4 చొప్పున 220, 6 చొప్పున 330. ఒక్క సెట్టింగ్‌తో 110 పాయింట్లు తేడా. క్వార్టర్‌బ్యాక్‌లకు యార్డుల్లోనే బోలెడు పాయింట్లు వస్తాయి కాబట్టి 4 దగ్గర కట్టడి చేస్తారు. దీనివల్ల పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్‌లకి లాభం. లామార్ జాక్సన్ 2019లో 15 మ్యాచ్‌ల్లో 1,206 యార్డులు, 7 టచ్‌డౌన్లు కాళ్ళతోనే చేశాడు. ఒక్క పాస్ వెయ్యకపోయినా 162.6 పాయింట్లు, అంటే ఆటకు దాదాపు 11. 4 ఉంచండి, కానీ ఈ సంగతి అందరికీ చెప్పి ఉంచండి. తెలిసినవాడొక్కడే లాభపడకూడదు.

డిఫెన్స్‌కి వస్తే, ఇక్కడ ఆటగాళ్ళని విడివిడిగా కాకుండా ఒక జట్టు డిఫెన్స్ మొత్తాన్ని ఒకే కార్డులా తీసుకుంటాం. క్వార్టర్‌బ్యాక్‌ని కిందపడేస్తే, అంటే సాక్ చేస్తే 1, ఇంటర్‌సెప్షన్‌కి 2, జారిన బంతి దక్కించుకుంటే 2, సేఫ్టీకి (బంతి ఉన్నవాణ్ణి వాళ్ళ సొంత గీత వెనకే పడగొట్టడం) 2, టచ్‌డౌన్‌కి 6. వీటికి తోడు అవతలివాళ్ళు ఎన్ని పాయింట్లు కొట్టారన్న దాన్నిబట్టి ఒక మెట్ల లెక్క ఉంటుంది. ఒక్క పాయింటూ ఇవ్వకపోతే 10 దాకా వస్తుంది, 35 లేదా అంతకన్నా ఎక్కువైతే కొన్ని యాప్‌లలో −4 పడుతుంది. దీన్ని యాప్ ఇచ్చినట్టే వదిలెయ్యండి. ఇందులో వేలుపెట్టి బాగుపడ్డ లీగ్‌ని నేను చూడలేదు.

కిక్కర్: 39 యార్డుల లోపు ఫీల్డ్ గోల్‌కి (బంతిని గోల్ కర్రల మధ్యనుంచి తన్నడం) 3, 40 నుంచి 49 దాకా 4, ఆపైన 5, టచ్‌డౌన్ తర్వాతి కిక్‌కి 1. చాలా లీగ్‌లు కిక్కర్‌ని పీకేశాయి, అదంతా లాటరీ అని. నా ఓటూ అటే. కానీ మా వాళ్ళకి 55 యార్డుల కిక్ గాల్లో ఉన్నప్పుడు అరవడం ఇష్టం. ఓటింగ్‌లో 9–1తో ఓడిపోయాను.

పాయింట్లు ఎలా పేరుకుంటాయో ఒక్క మ్యాచ్‌లో చూపిస్తాను. 2020 డిసెంబరు 25, క్రిస్మస్ రోజు, వైకింగ్స్ జట్టు మీద కమారా 155 యార్డులు పరిగెత్తి ఆరు టచ్‌డౌన్లు చేశాడు. ఇంకో మూడు క్యాచ్‌లు, 17 యార్డులు. పరుగుకి 15.5, టచ్‌డౌన్లకి 36, క్యాచ్ యార్డులకి 1.7, మొత్తం 53.2. హాఫ్ పీపీఆర్‌లో 54.7, పూర్తి పీపీఆర్‌లో 56.2. ఆ వారం చాలా లీగ్‌లలో ఫైనల్. శుక్రవారం సాయంత్రానికే కొందరి కప్పు ఖాయమైపోయింది, కొందరి పండగ పాడైపోయింది.

మూడో పని: రోస్టర్

రోస్టర్ అంటే మీ దగ్గర ఎంతమంది ఉండొచ్చు, అందులో వారానికి ఎవరిని ఏ స్థానంలో ఆడించాలి అన్న లెక్క. మా లీగ్‌ది ఇలా ఉంటుంది: క్వార్టర్‌బ్యాక్ 1, రన్నింగ్‌బ్యాక్‌లు 2, వైడ్ రిసీవర్లు 2, టైట్ ఎండ్ (అవతలివాళ్ళని అడ్డుకుంటూ పాస్‌లూ పట్టేవాడు) 1, ఫ్లెక్స్ 1, కిక్కర్ 1, డిఫెన్స్ 1. ఆడేవాళ్ళు తొమ్మిది. బెంచ్ మీద ఆరుగురు. గాయపడినవాళ్ళకి ఐఆర్ స్లాట్ ఒకటి.

ఫ్లెక్స్‌లో రన్నింగ్‌బ్యాక్, రిసీవర్, టైట్ ఎండ్ ముగ్గురిలో ఎవర్నైనా పెట్టొచ్చు. సూపర్‌ఫ్లెక్స్ అని ఇంకోటి ఉంది, అందులో క్వార్టర్‌బ్యాక్ కూడా పడతాడు. సరదాగా ఉంటుందని మొదటి ఏడాదే పెట్టకండి. లెక్క చూడండి: అసలు ఆట జరిగే ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్‌లో 32 జట్లు, జట్టుకొక క్వార్టర్‌బ్యాక్. పన్నెండు టీముల లీగ్‌లో సూపర్‌ఫ్లెక్స్ పెడితే వారానికి 24 మంది కావాలి. బై వీక్ అని ప్రతి జట్టుకీ సీజన్‌లో ఒక వారం సెలవు ఉంటుంది. కొన్ని వారాల్లో ఆరు జట్లు ఒకేసారి సెలవులో ఉంటాయి. అంటే మిగిలేది 26 మంది. అందులో గాయాలు తీసెయ్యండి. వెనక పడ్డవాళ్ళకి ఆడించడానికి మనిషే దొరకడు. మామూలు లీగ్‌లో అయితే పదిమందికి పది క్వార్టర్‌బ్యాక్‌లు చాలు, సరుకు దండిగా ఉంటుంది. అందుకే క్వార్టర్‌బ్యాక్‌ని మొదటి రౌండ్‌లోనే తీసుకునే తొందర అక్కర్లేదని తెలిసినవాళ్ళు చెప్తుంటారు.

బెంచ్ ఎంత పొడుగుంటే బయట, అంటే ఎవరూ తీసుకోని ఆటగాళ్ళలో, అంత కరువు. బెంచ్ ఆరు దాటితే ఎవరో గాయపడినప్పుడు బయట వెతికినా పనికొచ్చేవాడు దొరకడు. నాలుగైతే బై వీక్‌లు గట్టెక్కవు. ఆరే బాగుంది.

ఐఆర్ స్లాట్‌కి ఒక నిబంధన రాసుకోండి. అందులో పెట్టాలంటే ఆటగాడికి యాప్‌లో ఐఆర్ లేదా ఔట్ అని ముద్ర ఉండాలి, 'క్వశ్చనబుల్' (ఆడతాడో లేదో తెలియదు) పనికిరాదు. కోలుకుని ముద్ర పోయాక ఆయన్ని వెనక్కి తెచ్చుకునేదాకా కొత్తవాళ్ళని తీసుకోనివ్వకూడదు. లేకపోతే ఐఆర్ కాస్తా అదనపు బెంచ్ అయిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిజంగా ఐఆర్‌లోకి వెళ్ళినవాడు కనీసం నాలుగు మ్యాచ్‌లు ఆడకూడదు, కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదు.

స్థానం ఎవరు నిర్ణయిస్తారు? "యాప్ ఏ స్థానం చూపిస్తే అదే చెల్లుతుంది" అని ఒక్క వాక్యం రాసి పెట్టుకోండి. 2020 నవంబరులో సెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ గాయపడితే టేసమ్ హిల్ ఆ స్థానంలో ఆడాడు. హిల్‌ని కొన్ని యాప్‌లు అప్పటికి టైట్ ఎండ్‌గా కూడా చూపిస్తున్నాయి. ఫాల్కన్స్ జట్టు మీద 233 యార్డులు పాస్ చేసి, 51 యార్డులు పరిగెత్తి, రెండు టచ్‌డౌన్లు చేశాడు. వీటికే 26 పాయింట్లు దాటాయి. టైట్ ఎండ్ స్థానంలో పది పాయింట్లు వస్తేనే పండగ చేసుకుంటాం! ముందే రాసుకున్న లీగ్‌ల్లో అది తెలివి, రాసుకోని లీగ్‌ల్లో అది మోసం.

డ్రాఫ్ట్

కొత్తవాళ్ళకి స్నేక్ డ్రాఫ్టే సులువు. మొదటి రౌండ్ ఒకటి నుంచి పది, రెండో రౌండ్ పది నుంచి ఒకటి, మళ్ళీ ఒకటి నుంచి పది. మొదట ఎంచుకున్నవాడికి రెండో అవకాశం ఇరవయ్యో స్థానంలో వస్తుంది, పదోవాడికి వరసగా రెండు వస్తాయి. ఎవరికి ఏ నంబరన్నది యాప్‌కి వదలకుండా అందరి ముందూ చీటీలు తీయండి. వేలం పద్ధతి కూడా ఉంది, తలా 200 డాలర్ల బొమ్మ డబ్బు ఇచ్చి పాట పాడించడం. అది ఇంకా మజాగా ఉంటుంది కానీ మూడు గంటలు పడుతుంది.

తేదీ లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) చుట్టుపక్కల పెట్టుకోండి. ఇంకా ముందు పెడితే ప్రీసీజన్‌లో ఎవరో గాయపడతారు, వాణ్ణి మొదటి రౌండ్‌లో తీసుకున్నాయన సీజన్ మొదలవకముందే ఏడుస్తాడు. ఆ రోజుల్లోనే వినాయక చవితి కూడా వస్తుంటుంది, క్యాలెండర్ చూసి మరీ పెట్టండి. ఒకసారి మేము నిమజ్జనం రోజున పెట్టి ముగ్గురి టీముల్ని యాప్ తనంతట తానే ఎంచుకునే ఆటోడ్రాఫ్ట్‌కి వదిలేశాం. విచిత్రమేంటంటే వాళ్ళలో ఒకడు సెమీస్‌కి వెళ్ళాడు.

లైనప్ లాక్: ప్రతివారం కొంప ముంచేది ఇదే

ఎవరి మ్యాచ్ మొదలైతే వాళ్ళు అప్పుడు లాక్ అవ్వాలి. వారం మొత్తానికీ గురువారమే లాక్ చేసే పాత పద్ధతి వద్దు. ఆడని ఆటగాళ్ళ జాబితా మ్యాచ్‌కి గంటన్నర ముందు వస్తుంది. డల్లాస్‌లో ఆదివారం తొలి మ్యాచ్‌లు మధ్యాహ్నం పన్నెండుకి, అంటే జాబితా పదిన్నరకి. సరిగ్గా మనం గుడిలో హారతి దగ్గరో, ఎవరి ఇంట్లోనో సత్యనారాయణ వ్రతంలోనో ఉంటాం. పదిన్నరకి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

ఒక చిట్కా. గురువారం ఆడేవాణ్ణి ఎప్పుడూ ఫ్లెక్స్‌లో పెట్టకండి. రన్నింగ్‌బ్యాక్ అయితే రన్నింగ్‌బ్యాక్ స్థానంలోనే పెట్టండి. ఫ్లెక్స్‌ని ఆదివారం సాయంత్రమో సోమవారమో ఆడేవాడి కోసం ఉంచండి. సోమవారం ఆడాల్సిన రిసీవర్ చివరి నిమిషంలో ఔట్ అయితే, ఆయన ఫ్లెక్స్‌లో ఉంటే బదులు రన్నింగ్‌బ్యాక్‌నైనా టైట్ ఎండ్‌నైనా పెట్టొచ్చు. రిసీవర్ స్థానంలో ఉంటే ఇంకో రిసీవరే కావాలి, అప్పటికి అందరూ ఆడేసి ఉంటారు.

మనకు ప్రత్యేకంగా ఇంకో చిక్కుంది. ప్లేఆఫ్‌లు జరిగేది డిసెంబరులో. మనలో సగంమంది ఇండియా టికెట్లు బుక్ చేసుకునేదీ డిసెంబరులోనే. ఆ చలికాలం లెక్కలో అమెరికా తూర్పు తీరం కన్నా మనవైపు పదిన్నర గంటలు ముందు. ఆదివారం తొలి మ్యాచ్‌లు రాత్రి పదకొండున్నరకి మొదలవుతాయి, ఆడనివాళ్ళ జాబితా పదికి వస్తుంది. గురువారం రాత్రి మ్యాచ్ శుక్రవారం తెల్లారి 6.45కి. విమానంలో ఉండేవాళ్ళ కోసం మేము ఒక రూల్ పెట్టుకున్నాం. ఎక్కేముందు "ఫలానావాడు ఔట్ అయితే ఫలానావాణ్ణి పెట్టండి" అని గ్రూపులో రాస్తే కమిషనర్ మార్చొచ్చు. రాయకపోతే మార్చకూడదు. "నీకు తెలుసుగా నేను ప్రయాణంలో ఉన్నానని" అన్న మాట చెల్లదు.

వేవర్లు

డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనివాళ్ళని సీజన్ మధ్యలో తెచ్చుకోవడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, పట్టికలో అడుగున ఉన్నవాడికి ముందు అవకాశం ఇవ్వడం. రెండు, సీల్డ్ టెండర్ పద్ధతి. తలా 100 డాలర్ల బొమ్మ డబ్బు సీజన్ మొత్తానికి ఇస్తారు. కావలసినవాడికి ఎంత పెడతారో రహస్యంగా రాస్తారు. బుధవారం తెల్లవారుజామున యాప్ కవర్లు విప్పుతుంది, ఎక్కువ రాసినవాడికి ఆటగాడు. నేను రెండోదానికే ఓటేస్తాను. మొదటి పద్ధతిలో ఓడినవాడికి బహుమతి ఇచ్చినట్టవుతుంది.

రెండు సెట్టింగ్స్ చూసుకోండి. సున్నా డాలర్ల బిడ్ కుదిరేలా ఉండాలి, లేకపోతే నవంబరుకల్లా డబ్బులైపోయినవాడు కిక్కర్‌ని కూడా మార్చుకోలేడు. ఇద్దరూ ఒకే మొత్తం రాస్తే ఎవరికి? పట్టికలో కిందున్నవాడికి అని ముందే రాయండి. మా దగ్గర ఒకాయన మూడో వారంలోనే ఒక బ్యాకప్ రన్నింగ్‌బ్యాక్‌కి 81 డాలర్లు పెట్టాడు. రెండో బిడ్ ఎంతో తెలుసా? 12. అసలు ఆటగాడు రెండు వారాల్లో తిరిగొచ్చేశాడు. రూల్ తప్పేం లేదు, ఆయన ఆత్రమే.

ట్రేడ్లు

ఓటింగుతో వీటో పెట్టకండి. అందరూ న్యాయం కోసం ఓటెయ్యరు. అవతలివాడు బలపడతాడేమోనని వేస్తారు. ట్రేడ్ ఇద్దరికీ ఇష్టమైతే జరగనివ్వండి. చెత్త బేరం చేసుకునే హక్కు కూడా ఉండాలి కదా. ఇద్దరు కుమ్మక్కై ఒకడి టీముని నింపుతున్నారని తేలితేనే కమిషనర్ ఆపాలి. కమిషనర్ సొంత ట్రేడ్ అయితే వేరే ఇద్దరు చూడాలి, ఆ ఇద్దరి పేర్లూ డ్రాఫ్ట్ రోజే రాసుకోవాలి. గడువు థాంక్స్‌గివింగ్ (నవంబరు నాలుగో గురువారం) ముందు వారం పెట్టండి. ఆ తర్వాత ప్లేఆఫ్ ఆశ పోయినవాళ్ళు "నాకెలాగూ లేదు, నువ్వు తీసుకో" అని దానాలు మొదలెడతారు.

దీనికి జోడీగా ఇంకో రూల్: ఓడిపోయేవాడైనా చివరి వారందాకా నిండు లైనప్ పెట్టాలి. ఖాళీ వదిలితే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో ఆఖరి నంబరు.

ప్లేఆఫ్‌లు, టైలు

ఎన్‌ఎఫ్‌ఎల్ 2021 నుంచి 18 వారాలు, జట్టుకి 17 మ్యాచ్‌లు. మీ ఫైనల్ 17వ వారంలో అయిపోవాలి. 18వ వారంలో ప్లేఆఫ్ బెర్తు ఖాయమైన జట్లు ముఖ్యమైనవాళ్ళకి విశ్రాంతినిస్తాయి. నాలుగు నెలలు మోసిన స్టార్ ఆరోజు కోటు వేసుకుని గట్టు మీద నిలబడతాడు. 14 వారాల లీగ్, 15, 16, 17 వారాల్లో ఆరు టీముల ప్లేఆఫ్, మొదటి ఇద్దరికీ తొలి రౌండ్ సెలవు. పది టీములకి ఇది బాగా సరిపోతుంది.

గెలుపోటములు సమానమైతే సీజన్ మొత్తం పాయింట్లు ఎవరికెక్కువో వాళ్ళు పైన. ముఖాముఖి గెలుపుని కొలబద్దగా పెట్టకండి. పది టీముల్లో కొందరితో ఒకసారే తలపడతారు, కొందరితో రెండుసార్లు. అది సమానం కాదు.

స్కోర్ల సవరణ గురించి కూడా ఒక లైను. సోమవారం రాత్రి కనిపించిన స్కోరు ఖరారు కాదు. అధికారిక లెక్కలు వారం మధ్యలో సవరిస్తారు, సాక్ ఒకటి తగ్గొచ్చు, రెండు యార్డులు కలవొచ్చు. 0.4తో గెలిచినవాడు గురువారానికి ఓడిపోవచ్చు. "యాప్ సవరిస్తే అదే ఫైనల్" అని రాసుకోండి, ఫైనల్‌కి కూడా.

డబ్బు సంగతి

డబ్బు పెట్టుకుంటే డ్రాఫ్ట్‌కి ముందే వసూలు చెయ్యండి, డిసెంబరులో స్నేహితుణ్ణి అడగడం కష్టం. అమెరికాలో రాష్ట్రానికో చట్టం ఉంది, మీ రాష్ట్రంలో ఎలా ఉందో చూసుకోండి. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడో మరిదో చేరతానంటే డబ్బు లేకుండానే చేర్చుకోండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది.

మ్యాచే ఆగిపోతే?

ఈ రూల్ రాయాలని 2023 జనవరి 2 దాకా మాలో ఎవరికీ తట్టలేదు. ఆ సోమవారం రాత్రి బఫలో బిల్స్, సిన్సినాటి బెంగాల్స్ మ్యాచ్ మొదటి క్వార్టర్‌లో బిల్స్ ఆటగాడు డామార్ హామ్లిన్ గుండె ఆగి మైదానంలోనే కుప్పకూలాడు. మ్యాచ్ ఆపేశారు, మళ్ళీ ఆడించలేదు. అది 17వ వారం. ఎన్నో లీగ్‌ల ఫైనల్ ఆ మ్యాచ్ మీదే ఆధారపడి ఉంది. హామ్లిన్ కోలుకుని మళ్ళీ ఆటలోకి వచ్చాడు కాబట్టి ఇప్పుడు ప్రశాంతంగా మాట్లాడుకోగలుగుతున్నాం. ఆ రాత్రి మాత్రం పాయింట్ల మాట ఎత్తడానికే ఎవరికీ నోరు రాలేదు. ఆ తర్వాత కొన్ని లీగ్‌లు బహుమతి సగం సగం పంచుకున్నాయి, కొన్ని ఆగినచోట ఉన్న స్కోరునే తీసుకున్నాయి. మేము ఇలా రాసుకున్నాం: రద్దయిన మ్యాచ్ ఫైనల్‌లో అయితే ఇద్దరూ విజేతలు, మామూలు వారంలో అయితే ఉన్న స్కోరే. మీరు ఇంకోలా రాసుకోండి, పరవాలేదు. ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసుకోండి.

ఇవన్నీ ఒక పేజీలో, తెలుగులోనో ఇంగ్లీషులోనో, అందరికీ అర్థమయ్యేలా టైప్ చేసి డ్రాఫ్ట్‌కి వారం ముందు గ్రూపులో పెట్టండి. బొటనవేలు బొమ్మ సరిపోదు, "చదివాను" అని ప్రతి ఒక్కరితో రాయించండి. సీజన్ మధ్యలో ఏ రూల్ నచ్చకపోయినా అది వచ్చే ఏడాదికే మారుతుంది.

చివర్లో ఆఖరి స్థానానికి ఏదో ఒక శిక్ష పెట్టుకోండి, అడుగున ఉన్నవాళ్ళు కూడా చివరిదాకా కష్టపడతారు. మా దగ్గర ఆఖరున మిగిలినవాడు వచ్చే ఏడాది డ్రాఫ్ట్ రోజు పదిమందికీ బిర్యానీ వండాలి, బయట కొనకూడదు. గత రెండేళ్ళూ వండింది నేనే.